వెనక ఎడమ మూల

మా ఇద్దర్నీ ఆ ఆఫీసు భవనంలో "రెండు క్వింటాళ్ళు" అనేవారు. మేం గేటు దాటడం చూస్తే చాలు, "రెండు క్వింటాళ్ళూ వచ్చేశాయి" అని వాచ్‌మన్ లోపలికి కేకేసేవాడు. నాకు కోపం వచ్చేది కాదు, ఎందుకంటే లెక్క నిజమే. నేను నూట నాలుగు కిలోలు, మా బావమరిది తొంభై ఆరు. కలిపితే చక్కగా రెండు వందలు. లిఫ్టు మెకానిక్కులకి ఇంతకంటే అదృష్టం ఏం కావాలి?

ఎందుకు అదృష్టమో చెప్తాను. లిఫ్టు నేల కింద నాలుగు మూలలా నాలుగు సెన్సర్లు ఉంటాయి. ఏ మూల మీద ఎంత భారం పడుతోందో అవి చెప్తాయి. బటన్ల పక్కన ప్యానెల్ మూత తీస్తే ఒక చిన్న తెర మీద ఆ అంకెలు కనిపిస్తాయి. మోయలేనంత బరువు ఎక్కితే గంట మోగుతుంది, తలుపు మూసుకోదు. ఆ లెక్క సరిగా ఉందో లేదో మేం అప్పుడప్పుడూ చూస్తుండాలి. పద్ధతి ప్రకారమైతే ఇనప దిమ్మలు తెచ్చి లోపల పేర్చి చూడాలి. వాటిని బండిలోంచి దించి, మోసి, మళ్ళీ మోసి బండిలో పెట్టేసరికి నడుములు పడిపోయేవి. ఒకరోజు మా బావమరిది చేతిలో దిమ్మని నేల మీద పడేసి, "మనిద్దరం ఉండగా ఈ ఇనుమెందుకు బావా?" అన్నాడు. ఆ రోజు నుంచీ దిమ్మలు బండిలో తుప్పు పట్టాయి. వాటి బదులు మేమే లిఫ్టులో నిలబడేవాళ్ళం. తెర రెండు వందలు చూపిస్తే లిఫ్టు ఆరోగ్యంగా ఉన్నట్టు.

మా ఆరోగ్యం సంగతి ఎవడికి కావాలి? వాడు ఒక కిలో తగ్గితే ఆ సాయంత్రమే ఏదో ఒకటి మేసి పూడ్చేసేవాడు. నేను ఒక కిలో పెరిగితే ఒక పూట కడుపు ఎండగట్టుకునేవాణ్ణి. "ఇది పొట్ట కాదక్కా, పనిముట్టు" అని వాళ్ళక్కకి, అంటే మా ఆవిడకి, పొట్ట నిమురుకుంటూ చెప్పేవాడు. ఆమె గరిటె చూపించేది.

ఆ భవనంలో మూడు లిఫ్టులున్నాయి. మధ్య లిఫ్టు అంటే వాడికి ప్రాణం. ఎక్కగానే వెనక ఎడమ మూలకి పోయి, గోడకి వీపు ఆనించి గరగరా రుద్దుకునేవాడు. ఏళ్ళ తరబడి రుద్దగా రుద్దగా ఆ స్టీలు రేకు అక్కడ తళతళలాడేది. ఆఫీసులకి సెలవు కాబట్టి మా పనంతా ఆదివారాలే. పదకొండు అంతస్తులూ ఖాళీగా ఉండేవి. ఆ గరగర తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు.

బరువు తగ్గమని డాక్టరు ముందు హెచ్చరించింది వాడినే. మా వాడికి ఏదీ నిదానంగా చేయడం చేతకాదు. నోరు కట్టేసుకున్నాడు. పళ్ళరసాలు తాగి బతికాడు, చూస్తుండగానే చిక్కిపోయాడు, అందరూ శభాష్ అన్నారు. తర్వాత ఆకలి వాణ్ణి పట్టుకుంది. పోయిన బరువు వడ్డీతో సహా వచ్చి కూర్చుంది. సిగ్గుపడి మళ్ళీ కడుపు మాడ్చుకున్నాడు. ఇలా ఎక్కుతూ దిగుతూ ఉండగా ఒక ఆదివారం, మధ్య లిఫ్టులో, అదే మూలలో, "కళ్ళు తిరుగుతున్నాయి బావా" అన్నాడు. నేను ప్యానెల్ మీద నుంచి తల తిప్పేసరికి గోడకి జారగిలబడి కూర్చున్నాడు. కూర్చున్నవాడు మరి లేవలేదు. వాడికి నలభై మూడేళ్ళు.

మా ఆవిడ నా ఎదుట ఏడవలేదు. వాడికంటే ఏడేళ్ళు పెద్దది, వాణ్ణి పెంచింది తనే. కర్మకాండ అయిన మర్నాడు నన్ను చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. బీపీ, షుగరు, ఇంకా ఏవేవో. నేనూ అదే దారిలో ఉన్నానని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. తొంభై లోపుకి రమ్మన్నాడు. తొందర లేదన్నాడు, తొందరపడితేనే ముప్పు అన్నాడు. ఆ చివరి మాట విని మా ఆవిడ తలూపింది. ఇంటికొచ్చి వంటింట్లోకి వెళ్ళింది. ఆ వంటింట్లోంచి మళ్ళీ పాత తిండి బయటికి రాలేదు.

నన్ను పస్తు పెట్టలేదు, అది ఒప్పుకోవాలి. పెద్ద పళ్ళేలు అటక ఎక్కించి చిన్నవి దింపింది. పళ్ళెంలో సగం కూరగాయలు, మిగతా సగంలో పప్పో గుడ్డో చేపో, ఒక గుప్పెడు అన్నం. నాలుగింటికి ఒక పండు. రాత్రి తిన్నాక వీధి చివరిదాకా నడక, తనూ నా పక్కనే. పూట మానేస్తే ఊరుకునేది కాదు. "తినడం మానేసేవాళ్ళకి కాదు, తినడం తెలిసినవాళ్ళకే తగ్గుతుంది" అని ఒకే మాట పాతికసార్లు చెప్పి నా చెవులకి చిల్లులు పొడిచింది. మొదట్లో విసుక్కున్నాను. యాభై రెండేళ్ళవాణ్ణి, నాకు నమలడం నేర్పుతుందేంటి అనుకున్నాను. కానీ మెట్లెక్కుతుంటే ఆయాసం తగ్గింది. ప్యాంటు నడుము దగ్గర గాలి ఆడింది. ఇంట్లో తూకం మిషను తొంభై ఎనిమిది చూపించింది. ఆ రోజు మా ఆవిడ మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను.

ఆ వారమే మధ్య లిఫ్టు ఎక్కాను. వాడు పోయాక దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. అంతవరకూ ఏవేవో వంకలు చెప్పి వాయిదా వేశాను. లోపలికి వెళ్ళి, ప్యానెల్ మూత తీసి తెర చూశాను. నూట నాలుగు.

ముందు లిఫ్టుని తిట్టాను. పక్క లిఫ్టులు రెండూ ఎక్కి చూశాను, రెండూ తొంభై ఎనిమిదే అన్నాయి. వాచ్‌మన్‌ని పిలిచి మధ్య లిఫ్టు ఎక్కించాను, వాడి బరువు వాడికి సరిగ్గా చూపించింది. తుప్పు దిమ్మలు మోసుకొచ్చి పేర్చాను, అవీ సరిగ్గా తూగాయి. నేను ఎక్కితే మాత్రం నూట నాలుగు. ఒక్కొక్క మూల అంకె విడివిడిగా చూశాను. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వెనక ఎడమ మూల మీద ఆరు కిలోలున్నాయి.

అక్కడ ఏమీ లేదు.

నేను బయటికి దిగి, గడప మీద నుంచి మెడ చాచి తెర చూశాను. నా బరువు పోయింది. ఆ ఆరు కిలోలు పోలేదు. తలుపు మూసుకునేదాకా అలాగే ఉన్నాయి. మళ్ళీ తెరిచి చూస్తే సున్నా. పనివాడికి భయం కంటే అనుమానం ఎక్కువ. మళ్ళీ ఎక్కి, ఆ మూలలో వంగి, గోడ తడిమాను. ఆ ఎండాకాలం మధ్యాహ్నం కూడా స్టీలు చల్లగానే ఉంది. మోకాలి ఎత్తున ఒక అరచేతి మేర మాత్రం వెచ్చగా ఉంది. చెయ్యి తీసేశాను. తీశాక గరగరమని చిన్న చప్పుడు వినిపించింది.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే పిచ్చాసుపత్రి చిరునామా ఇస్తారు. కానీ ప్రతి ఆదివారం ముందు ఆ లిఫ్టు దగ్గరికే వెళ్ళేవాణ్ణి. నేను ఎనిమిది కిలోలు తగ్గితే మూలలో ఎనిమిది. పది తగ్గితే పది. మా లిఫ్టు నా పాత బరువుని పట్టుకుని వదలట్లేదని, నా ఒంట్లోంచి పోయిందంతా అక్కడికి చేరుతోందని నాకు మెల్లగా అర్థమైంది. గోడ మీద వెచ్చదనం కూడా ఎదుగుతోంది. మోకాలి దగ్గర్నుంచి తొడ దాకా వచ్చింది. ఆ గరగర వాడిదే. ఆ మూల వాడిదే. నాకు అనుమానం లేదు.

భయం ఎప్పుడు పోయిందో తెలీదు. ఒక ఆదివారం ఆ వెచ్చదనం పక్కన గోడకి ఆనుకుని, "ఏరా, ఎలా ఉన్నావు?" అన్నాను. ఆ మాట అన్నాక చాలాసేపు ఏడ్చాను. ఇరవై ఏళ్ళు పక్కపక్కనే నిలబడి రెండు వందలు అయ్యాం. వాడు లేకుండా ఏ లిఫ్టులోనూ నాకు కాళ్ళు నిలవడం లేదు. ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలీదు.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు ఆశ పుట్టింది. నెలకి ఒకటో రెండో కిలోలు తగ్గుతూ పోతే వీడు ఎప్పటికి మనిషవుతాడు? మా ఆవిడ కట్టిచ్చే మధ్యాహ్నం డబ్బాని వాచ్‌మన్‌కి ఇవ్వడం మొదలుపెట్టాను. పండు జేబులో వేసుకుని దారిలో ఎవరికో ఇచ్చేసేవాణ్ణి. రాత్రి ఆమె చూడకుండా సగం తీసి పక్కన పెట్టేసేవాణ్ణి. ఆకలికి కడుపులో మెలి తిప్పేది, చేతులు వణికేవి. ఒకసారి తాడు చక్రం దగ్గర పానా జారి కింద పడింది. అయినా ఆదివారం తెర చూస్తే ఆనందం. పదహారు. పదిహేడు. పంతొమ్మిది. వెచ్చదనం నా నడుము దాటింది. గరగర గట్టిగా వినిపించేది. మొదట్లో నేను ఎక్కాక వినిపించేది, ఇప్పుడు నేను తలుపు ముందు నిలబడగానే లోపలి నుంచి మొదలయ్యేది. నా కోసం కాచుకున్నట్టుండేది.

లెక్క నాకూ వచ్చు. వాడు తొంభై ఆరు అవ్వాలంటే నేను ఎనిమిది మిగలాలి. ఆ లెక్క వేసుకుని లిఫ్టులో నాలో నేనే నవ్వుకున్నాను. నవ్వి, మర్నాడు కూడా డబ్బా ఇచ్చేశాను.

నన్ను మా ఆవిడకి ఆ డబ్బాయే పట్టించింది. నేను తిన్న డబ్బాలో మెతుకులు మిగులుతాయి, అంచున కూర అంటుకుని ఉంటుంది. వాచ్‌మన్ శుభ్రంగా కడిగి ఇచ్చేవాడు. ఆమె మూత తీసి, వాసన చూసి, నా మొహంలోకి చూసింది.

"ఎవరికి పెడుతున్నారు?" అంది.

వాచ్‌మన్‌కి అన్నాను. ఎందుకని అడిగింది. అబద్ధం వెతుక్కునే ఓపిక కూడా ఒంట్లో లేదు. వంటింటి గడప మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆరు కిలోల దగ్గర్నుంచి పంతొమ్మిది దాకా, వెచ్చదనం, గరగర, అన్నీ. నాకు మతి పోయిందని నెత్తీ నోరూ కొట్టుకుంటుందనుకున్నాను. ఆమె డబ్బా కడిగిందే మళ్ళీ కడిగి, బోర్లించింది.

"ఆదివారం నేనూ వస్తాను" అంది.

వచ్చింది. భుజానికి ఒక సంచి. మధ్య లిఫ్టు తలుపు ముందు నిలబడగానే లోపల గరగర మొదలైంది. ఆమెకీ వినిపించింది, నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం లోపలికి అడుగుపెట్టి తలుపు దగ్గరే ఆగాం. నేను మూత తీసి ఆ మూల అంకె చూపించాను. ఎంత అని అడిగింది, ఆమెకి కళ్ళజోడు లేకపోతే కనపడదు. పంతొమ్మిది అన్నాను.

ఆమె మెల్లగా ఆ మూలకి వెళ్ళింది. అరచెయ్యి కిందికి తిప్పి, గాలిలో తన నడుముకి కాస్త పైన ఆపింది. ఆ చెయ్యి అక్కడే నిలిచిపోయింది. చిన్నపిల్లల తల మీద చెయ్యి వేసినప్పుడు వేళ్ళు ఎలా వంగుతాయో అలా వంగాయి.

"బళ్ళో వేసినప్పుడు ఇంతే ఉండేవాడు" అంది. "అప్పటికే నన్ను ఎత్తుకోనిచ్చేవాడు కాదు. సిగ్గు."

ఆమెకి నమ్మకం కుదిరిందని నాకు ధైర్యం వచ్చింది. ఇంకొంచెం ఓపిక పడితే వాడు మొత్తం వచ్చేస్తాడని చెప్పాను. గబగబా చెప్పాను, నోరు ఎండిపోయి మాట తడబడింది. ఆమె నా వైపు తిరిగి, నా బుగ్గలు, మెడ కింద వేలాడుతున్న చర్మం, బెల్టుకి కొత్తగా పొడిచిన చిల్లులు, అన్నీ చూసింది.

"వాడు మొత్తం వస్తే మీరెంత మిగుల్తారు?"

"ఎనిమిది" అన్నాను.

"ఎనిమిది కిలోలు. మిమ్మల్ని ఉయ్యాల్లో వేసి ఊపుకోనా?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. ఆమె నవ్వలేదు. గరగర ఇంకా వినిపిస్తూనే ఉంది, ఇప్పుడు తొందరపెడుతున్నట్టుగా ఉంది. ఆమె మూల వైపు తిరిగి, తమ్ముడితో ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది.

"చూడరా. నీకు ఆకలైతే నాకు చెప్పు. పుట్టినప్పట్నుంచీ నేనే పెట్టాను, ఇప్పుడూ పెడతాను. మీ బావని మాత్రం నీకివ్వను."

చప్పుడు ఆగిపోయింది. ఖాళీ భవనంలో తాళ్ళు కూడా కదలడం మానేశాయి. ఆమె సంచిలోంచి డబ్బా తీసి, నన్ను లిఫ్టు నేల మీద కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుంది. సగం కూరగాయలు, పప్పు, గుడ్డు, గుప్పెడు అన్నం. అదే కొలత, ఒక్క ముద్ద ఎక్కువ లేదు, తక్కువ లేదు. ప్రతి ముద్దా నా గొంతు దిగేదాకా చూసింది. నా వీపు వెనక, ఆ మూలలో, ఇంకెవరో కూడా నా నోటి వంకే చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. తిండి అంత తొందరగా ఒంటపట్టదు, అంకె పంతొమ్మిది మీదే ఉంది. అయినా చాలా రోజుల తర్వాత నా చేతుల వణుకు తగ్గింది.

డబ్బా మూత పెడుతూ ఆమె ఒక సంగతి చెప్పింది. వాళ్ళమ్మ పనికి పోతే వీడు రోజంతా తన చంకలోనే ఉండేవాడట. నాలుగేళ్ళొచ్చినా దిగేవాడు కాదట. వీధి చివర కొట్టువాడు ఒకసారి సరదాకి కాటా మీద కూర్చోబెట్టి తూస్తే పదహారు కిలోలు తూగాడట.

"నూట నాలుగులో పదహారు తీస్తే ఎంత?" అంది.

ఎనభై ఎనిమిది అన్నాను.

"డాక్టరు చెప్పింది కూడా తొంభై లోపేగా. మూడు కిలోలు వెనక్కి రండి, అక్కడ ఆగండి. ఇంకో కిలో తగ్గినా ఊరుకోను, ఇంకో కిలో పెరిగినా ఊరుకోను."

ఆ మూడు కిలోలూ నిదానంగానే వెనక్కి తెచ్చింది. పూటపూటా, నా ఎదురుగా కూర్చుని. తగ్గడం ఒక పనే, ఆగడం అంతకంటే పెద్ద పని అని నాకప్పుడు తెలిసింది. తగ్గుతుంటే మనుషులు మెచ్చుకుంటారు, ఆగినవాణ్ణి ఎవడూ చూడడు. బయట ఏదైనా కనిపించి నోరూరితే, ఇది తింటే మూలలో ఉన్నవాడు ఆ మేరకి కరిగిపోతాడని గుర్తొచ్చేది. కోపమొచ్చి ఒక పూట మానేద్దామనుకుంటే, వాడు ఎదిగి మళ్ళీ నన్ను అడుగుతాడని గుర్తొచ్చేది. అందుకని పళ్ళెంలో ఉన్నది ఉన్నట్టు తింటున్నాను. ఇక జీవితాంతం ఇలాగే తింటాను.

ఇంటి తూకం ఎనభై ఎనిమిది చూపించిన ఆదివారం ఆమె మళ్ళీ నాతో వచ్చింది. తలుపు ముందు నిలబడితే ఈసారి లోపల చప్పుడు లేదు. ఎక్కాం. ఆమె వెనక్కి వెళ్ళలేదు, ముందు కుడి మూలలో, బటన్ల పక్కన నిలబడింది. నేను మూత తీసి ముందు వాడి మూల చూశాను. సున్నా ఉంది. వాడు వెళ్ళిపోయాడని చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకో మిగతా మూలలు కూడా చూశాను. ముందు కుడి మూల మీద ఆమె బరువుంది. దాని మీద ఇంకో పదహారు కిలోలున్నాయి.

తల తిప్పి చూశాను. ఆమె నడుము ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎడమ చెయ్యి దేన్నో చుట్టి పట్టుకుని ఉంది. భుజం మీద ఆమె బట్ట ఒక్కచోట లోపలికి నొక్కుకుపోయి ఉంది, ఎవరో తల ఆనించినట్టు.

"పై అంతస్తు నొక్కండి" అంది. "వీడికి పైకెళ్ళడం ఇష్టం."

తలుపు మూసుకుంది. నేను పదకొండు నొక్కాను.